ఎక్స్‌ప్లెయినర్: 240 కి.మీ. వేగంతో వచ్చిన విమానం 3 సెకన్లలో ఎలా ఆగుతుంది? హైడ్రాలిక్, న్యూమాటిక్ వ్యవస్థలు పనిచేసేది ఇలా..

నడిసముద్రంలో కదులుతున్న నౌక. దాని మీద గంటకు 240 కిలోమీటర్ల వేగంతో దిగే 23 టన్నుల యుద్ధ విమానం. ఆగడానికి ఉన్న దూరం దాదాపు 105 మీటర్లు.. పట్టే టైం మూడు సెకన్లు. ఇలాంటి వీడియోలు చూసేటప్పుడు అందరి కళ్లూ డెక్ మీద అడ్డంగా ఉన్న ఉక్కు తాడు మీదే ఉంటాయి. అయితే విమానం వేగాన్ని మింగేసే అసలు యంత్రం డెక్ కింద ఉంటుంది. ఒక పెద్ద సిలిండర్, అందులో ద్రవం, దాన్ని అదిమిపట్టే గాలి.. అంతే.

యుద్ధ నౌకల దాకా ఎందుకు? శంషాబాద్‌లోనో, గన్నవరంలోనో మనం ఎక్కే ప్యాసింజర్ విమానంలో చక్రాలు లోపలికి ముడుచుకోవాలన్నా, రెక్కల వెనక ఫ్లాప్స్ కిందికి దిగాలన్నా, రన్‌వే మీద బ్రేకులు పడాలన్నా సాధారణంగా ఇదే సూత్రం. మరి ఈ వ్యవస్థలు ఎలా పనిచేస్తాయి? ఫెయిలైతే ఏం జరుగుతుంది? గతంలో ఏం జరిగింది? ఒక్కొక్కటిగా చూద్దాం.

హైడ్రాలిక్ అంటే ఏంటి? న్యూమాటిక్ అంటే ఏంటి?

రెండింటికీ ఉదాహరణలు మన రోడ్ల మీదే ఉన్నాయి. జేసీబీ చెయ్యి మట్టిని ఎత్తడానికి వాడేది హైడ్రాలిక్ శక్తి. అందులో నూనెను పంపు ఒత్తిడితో నెడుతుంది. ఆర్టీసీ బస్సు ఆగినప్పుడు 'పుస్స్' మని వినిపించే శబ్దం న్యూమాటిక్ బ్రేకులది. అక్కడ పనిచేసేది కంప్రెసర్ నింపిన గాలి. సింపుల్‌గా చెప్పాలంటే ద్రవంతో పని చేయిస్తే హైడ్రాలిక్, గాలితో చేయిస్తే న్యూమాటిక్.

హైడ్రాలిక్ వెనక ఉన్న సూత్రాన్ని 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ చెప్పారు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే, అది అన్నివైపులకూ సమానంగా చేరుతుంది. దీన్ని యంత్రంగా మార్చి 1795లో ఇంగ్లండ్‌కు చెందిన జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంట్ తీసుకున్నారు.

లెక్క చూస్తే ఈజీగా అర్థమవుతుంది. ఒక చదరపు సెంటీమీటర్ ఉన్న చిన్న పిస్టన్ మీద 10 కిలోల బరువు పెట్టారనుకుందాం. అదే నూనె 100 చదరపు సెంటీమీటర్ల పెద్ద పిస్టన్‌ను నెడితే అది 1,000 కిలోలను ఎత్తుతుంది. అయితే ఇది ఉచితంగా వచ్చిన బలం కాదు. చిన్న పిస్టన్ మీటరు దూరం దిగితే, పెద్దది లేచేది ఒక్క సెంటీమీటరే. దూరాన్ని ఇచ్చి బలాన్ని కొనుక్కుంటున్నాం అన్నమాట.

మరి గాలితోనూ ఇదే చేయొచ్చు కదా? చేయొచ్చు. కానీ గాలి నలుగుతుంది, ద్రవం దాదాపుగా నలగదు. అందుకే ఒక రెక్క భాగాన్ని ఖచ్చితంగా 5 డిగ్రీలు తిప్పి అక్కడే నిలబెట్టాలంటే ద్రవమే కరెక్ట్. శక్తిని దాచిపెట్టి ఒక్కసారిగా వదలాలన్నా, దెబ్బను మెత్తగా తీసుకోవాలన్నా గాలి బెటర్. విమానాల్లో, నౌకల్లో చాలా చోట్ల ఈ రెండూ జంటగా కనిపించడానికి కారణం ఇదే.

విమానంలో ఈ నూనె ఏమేం చేస్తుంది?

విమానం ఇంజిన్‌కు అనుబంధంగా హైడ్రాలిక్ పంపు ఉంటుంది. రిజర్వాయర్ నుంచి ద్రవాన్ని లాగి ఒత్తిడితో పైపుల్లోకి పంపుతుంది. పైలట్ కంట్రోల్ కదపగానే వాల్వ్ తెరుచుకుంటుంది. ద్రవం యాక్చుయేటర్ అనే సిలిండర్‌లోకి వెళ్లి పిస్టన్‌ను నెడుతుంది. పని అయ్యాక అదే ద్రవం ఫిల్టర్ గుండా తిరిగి రిజర్వాయర్‌కు చేరుతుంది.

ఎక్కువ శాతం ప్యాసింజర్ విమానాల్లో ఈ ఒత్తిడి 3,000 పీఎస్ఐ. మన కారు టైరులో ఉండేది 30 నుంచి 35 పీఎస్ఐ. అంటే దాదాపు వంద రెట్లు. ఈ ఒత్తిడి దగ్గర 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పిస్టన్ సుమారు 16 టన్నుల బలంతో నెట్టగలదు. ఎయిర్‌బస్ ఏ380, బోయింగ్ 787 విమానాల్లో అయితే 5,000 పీఎస్ఐ వాడతారు. ఒత్తిడి పెరిగితే అదే పనికి చిన్న సిలిండర్లు, సన్న పైపులు సరిపోతాయి. బరువు తగ్గుతుంది.

పెద్ద జెట్ విమానాల్లో సాధారణంగా హైడ్రాలిక్స్ చేసే పనులు ఇవి:

- విమానాన్ని పక్కకు వంచే ఎయిలరాన్లు, ముక్కు పైకీ కిందికీ కదిపే ఎలివేటర్, ముక్కును కుడిఎడమలకు తిప్పే రడ్డర్
- టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో దిగే ఫ్లాప్స్.. రెక్క మీద లేచే స్పాయిలర్లు
- ల్యాండింగ్ గేర్‌ను ముడవడం, దించడం
- చక్రాల బ్రేకులు, ముందు చక్రం స్టీరింగ్
- దిగిన తర్వాత ఇంజిన్ గాలిని ముందుకు మళ్లించే థ్రస్ట్ రివర్సర్లు (చాలా మోడళ్లలో)

ఇందులో వాడే ద్రవం మామూలు నూనె కాదు. ప్యాసింజర్ జెట్లలో ఎక్కువగా ఊదా రంగులో ఉండే ఫాస్ఫేట్ ఎస్టర్ ద్రవం వాడతారు. తొందరగా మంట అంటుకోకపోవడం దీని ప్లస్ పాయింట్. చర్మానికి, కళ్లకు తగిలితే మాత్రం భగ్గున మండుతుంది. యుద్ధ విమానాల్లో చాలాకాలం ఎర్ర రంగు మినరల్ ఆయిల్ రాజ్యమేలింది. అది సులువుగా అంటుకుంటుందని తర్వాత సింథటిక్ ద్రవాల వైపు మళ్లారు.

హ్యాంగర్లలో పనిచేసే టెక్నీషియన్లకు మొదట్లోనే ఓ హెచ్చరిక చెబుతారు.. లీకేజీని చేత్తో తడిమి చూడొద్దు అని. 3,000 పీఎస్ఐ ఒత్తిడితో సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ద్రవం చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లిపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, లోపల కణజాలం దెబ్బతింటుంది. వెంటనే సర్జరీ చేయకపోతే వేలు, చెయ్యి పోయే ప్రమాదం ఉంది. అందుకే లీకేజీ అనుమానం ఉన్నచోట అట్టముక్క లాంటిది అడ్డంపెట్టి చూస్తారు.

మరి గాలి చేసే పనేంటి?

జెట్ ఇంజిన్‌లో మంట అంటుకోకముందే గాలిని బాగా అదుముతారు. ఆ దశలో కొంత గాలిని పైపుల ద్వారా పక్కకు తీస్తారు. దీన్నే బ్లీడ్ ఎయిర్ అంటారు. చాలా విమానాల్లో క్యాబిన్‌లో మనం పీల్చే గాలి, లోపలి ప్రెషర్ ఇక్కడినుంచే వస్తాయి. రెక్కల అంచుల మీద మంచు పేరుకోకుండా ఈ వేడి గాలినే లోపలి గొట్టాల్లో పంపుతారు. ఇంజిన్ స్టార్ట్ చేయడానికీ ఒత్తిడితో ఉన్న గాలే టర్బైన్ స్టార్టర్‌ను తిప్పుతుంది.

కొన్ని విమానాల్లో హైడ్రాలిక్స్ చేసే పని కూడా గాలే చేసింది. ఫోకర్ ఎఫ్27 విమానంలో ల్యాండింగ్ గేర్, బ్రేకులు, ముందు చక్రం స్టీరింగ్ న్యూమాటిక్ వ్యవస్థ మీదే నడిచేవి. మన వైమానిక దళంలో దశాబ్దాలు సేవలందించిన మిగ్-21లో చక్రాల బ్రేకులు వేసింది కూడా సీసాల్లో నింపిన గాలే.

ఇంకో కీలకమైన పని ఎమర్జెన్సీలో. హైడ్రాలిక్ ఒత్తిడి పడిపోయి చక్రాలు దిగకపోతే, పలు యుద్ధ విమానాల్లో ముందే నింపి ఉంచిన నైట్రోజన్ లేదా గాలి సీసాను తెరుస్తారు. ఆ ఒత్తిడి ఒక్కసారిగా చక్రాలను కిందికి తోసి లాక్ చేస్తుంది. ఈ అవకాశం ఒక్కసారే. వాడేసిన సీసాను మళ్లీ నేల మీదే నింపాలి.

గాలి, ద్రవం కలిసి పనిచేసే చోటు చూడాలంటే విమానం చక్రం పైన ఉండే మెరిసే స్తంభాన్ని గమనించాలి. అది షాక్ అబ్జార్బర్. లోపల కింద నూనె, పైన నైట్రోజన్. చక్రం నేలను తాకగానే నూనె చిన్న రంధ్రం గుండా పైకి పోతూ దెబ్బ శక్తిని వేడిగా మారుస్తుంది, నైట్రోజన్ స్ప్రింగులా నలుగుతుంది. కాళ్లకు ఈ స్తంభం లేకపోతే ల్యాండింగ్ దెబ్బ మొత్తం విమానం బాడీ మీదే పడేది.

ఒక సిస్టమ్ పోతే విమానం పడిపోతుందా?

పడిపోదు. అందుకే ఒకటి కాకుండా రెండు, మూడు, నాలుగు వేర్వేరు వ్యవస్థలు పెడతారు. బోయింగ్ 737లో 'ఏ', 'బీ' అనే రెండు వ్యవస్థలు, వాటికి తోడు స్టాండ్‌బై ఉంటాయి. ఎయిర్‌బస్ ఏ320లో మూడు.. గ్రీన్, బ్లూ, యెల్లో. బోయింగ్ 747లో నాలుగు. ఒకదాని ద్రవం ఇంకోదానిలోకి పోదు. ఒకచోట పైపు పగిలినా మిగతావి ఖాళీ కాకూడదన్నది ఐడియా.

ఏ320లో ప్రయాణించిన వాళ్లలో చాలామందికి ఓ డౌట్ ఉంటుంది. విమానం కదలకముందు కాళ్ల కింద నుంచి కుక్క మొరిగినట్టు, రంపం కోసినట్టు శబ్దం వస్తుంది. అది లోపం కాదు. గ్రీన్, యెల్లో వ్యవస్థల మధ్య ఒత్తిడిలో తేడా వచ్చినప్పుడు పీటీయూ అనే పరికరం దాన్ని సరిచేస్తుంది. ఒకదాని ద్రవాన్ని ఇంకోదానికి ఇవ్వదు. ఇటువైపు ఒత్తిడితో మోటార్ తిప్పి, అటువైపు పంపు నడిపిస్తుంది.

ఇంజిన్లు రెండూ ఆగిపోతే? ఏ320, బోయింగ్ 767 లాంటి విమానాల్లో పొట్ట కింద నుంచి ఒక చిన్న ఫ్యాన్ బయటకు వస్తుంది. దాని పేరు ర్యాట్. ఎదురుగాలికి తిరుగుతూ హైడ్రాలిక్ ఒత్తిడి ఇస్తుంది. 1983 జులై 23న ఎయిర్ కెనడాకు చెందిన బోయింగ్ 767 ఇంధనం అయిపోయి గాల్లోనే రెండు ఇంజిన్లూ ఆగిపోయినప్పుడు ఈ ఫ్యానే ఆదుకుంది. పైలట్లు కెనడాలోని గిమ్లీలో పాత ఎయిర్‌బేస్ మీద విమానాన్ని గ్లైడర్‌లా దించారు. అందులోని 69 మందీ బతికారు.

అన్నీ ఒకేసారి పోయిన రోజులు

వేర్వేరు వ్యవస్థలు ఉన్నా, వాటి పైపులన్నీ ఒకేచోట కలిస్తే ఏమవుతుంది? దీనికి సమాధానం రెండు ప్రమాదాలు చెప్పాయి.

1985 ఆగస్టు 12. జపాన్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 123, బోయింగ్ 747. ఏడేళ్ల క్రితం ల్యాండింగ్‌లో తోక నేలకు తగిలినప్పుడు వెనక ప్రెషర్ బల్క్‌హెడ్‌కు చేసిన రిపేర్ సరిగా లేదు. ఆ రోజు గాల్లో అది పగిలింది. క్యాబిన్ గాలి పేలుడులా తోకలోకి దూసుకెళ్లి నిలువు రెక్కలో చాలా భాగాన్ని ఊడగొట్టింది. నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థల పైపులూ అక్కడే తెగిపోయాయి. ద్రవం మొత్తం కారిపోయింది. పైలట్లు ఇంజిన్ల బలాన్ని పెంచుతూ తగ్గిస్తూ దాదాపు అరగంట పాటు పోరాడారు. చివరికి విమానం కొండల్లో కూలింది. 524 మందిలో 520 మంది చనిపోయారు.

1989 జులై 19. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 232, డీసీ-10. డెన్వర్ నుంచి షికాగో వెళ్తుండగా తోక ఇంజిన్‌లోని ఫ్యాన్ డిస్క్ ముక్కలైంది. ఆ ముక్కలు తోక భాగంలో వెళ్లే మూడు హైడ్రాలిక్ లైన్లనూ దెబ్బతీశాయి. కెప్టెన్ ఆల్ హేన్స్ చేతిలో కంట్రోల్ ఉంది.. అది తిప్పినా విమానం పలకదు. అదే విమానంలో ప్రయాణికుడిగా ఉన్న ట్రైనింగ్ పైలట్ డెనిస్ ఫిచ్ కాక్‌పిట్‌లోకి వచ్చి, మిగిలిన రెండు ఇంజిన్ల థ్రాటిల్స్‌ను పట్టుకున్నారు. ఎడమ ఇంజిన్ పెంచితే కుడికి, కుడి పెంచితే ఎడమకు.. అలా అయోవా రాష్ట్రంలోని సూ సిటీ రన్‌వే దాకా తెచ్చారు. ల్యాండింగ్‌లో విమానం విరిగి మంటలు లేచాయి. 112 మంది చనిపోయారు, 184 మంది బతికి బయటపడ్డారు.

దీని తర్వాత డీసీ-10లలో హైడ్రాలిక్ ఫ్యూజులు పెట్టారు. ఇంట్లో కరెంట్ ఫ్యూజు లాంటిదే ఇది. పైపు తెగి ద్రవం అసాధారణ వేగంతో పారితే దారి మూసేస్తుంది. తోక దగ్గర లీకైనా రెక్కలకు వెళ్లే ద్రవం మిగులుతుంది.

2003 నవంబర్‌లో బాగ్దాద్‌లో టేకాఫ్ అయిన ఓ కార్గో ఎయిర్‌బస్ ఏ300 రెక్కకు క్షిపణి తగిలింది. మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. అందులోని ముగ్గురు సిబ్బంది ఇంజిన్ల బలంతోనే విమానాన్ని తిప్పి, తిరిగి అదే ఎయిర్‌పోర్టులో ప్రాణాలతో దిగారు.

నౌక మీదినుంచి విసిరేది ఎలా?

ఇప్పుడు సముద్రంలోకి వెళ్దాం. విమాన వాహక నౌక మీద టేకాఫ్‌కు పూర్తి రన్‌వే ఉండదు. అందుకే కాటపల్ట్ అనే యంత్రం విమానాన్ని వడిసెలలో రాయిలా ముందుకు విసురుతుంది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా నౌకల్లో వాడినవి హైడ్రాలిక్ కాటపల్ట్‌లు. గాలితో ఒత్తిడి చేసిన నూనె పిస్టన్‌ను నెడితే, కప్పీలు, కేబుళ్లు ఆ కదలికను పెంచి విమానాన్ని లాగేవి. జెట్ విమానాలు వచ్చి బరువు పెరిగాక ఒత్తిడీ పెంచాల్సి వచ్చింది. మూసి ఉన్న గదిలో ఒత్తిడి మీద ఉన్న నూనె లీకై, పొగమంచులా గాలిలో కలిసి, నిప్పు తగిలితే అది బాంబే.

అదే జరిగింది. 1953 అక్టోబర్ 16న బోస్టన్‌లో ఉన్న యూఎస్ఎస్ లేటే నౌకలో కాటపల్ట్ గది పేలి 37 మంది చనిపోయారు. ఏడు నెలలకే, 1954 మే 26న యూఎస్ఎస్ బెన్నింగ్టన్‌లో కాటపల్ట్ నుంచి లీకైన ద్రవం అంటుకుని వరుస పేలుళ్లు జరిగాయి. 103 మంది ప్రాణాలు పోయాయి, 201 మంది గాయపడ్డారు.

ప్రత్యామ్నాయం అప్పటికే రెడీగా ఉంది. బ్రిటిష్ నేవీకి చెందిన కోలిన్ మిచెల్ రూపొందించిన ఆవిరి కాటపల్ట్‌ను హెచ్ఎంఎస్ పెర్సియస్ నౌక మీద పరీక్షించారు. 1954 జూన్‌లోనే అమెరికా నౌక యూఎస్ఎస్ హాన్‌కాక్ ఆవిరితో విమానాలను విసరడం మొదలుపెట్టింది.

నిమిట్జ్ తరగతి నౌకల్లో ఇది పనిచేసేది ఇలా:

1. డెక్ కింద దాదాపు 90 మీటర్ల పొడవున రెండు సిలిండర్లు పక్కపక్కనే ఉంటాయి. వాటిలోని పిస్టన్లను కలిపే షటిల్ అనే భాగం డెక్ మీదికి కనిపిస్తుంది.
2. విమానం ముందు చక్రం దగ్గర ఉన్న లాంచ్ బార్‌ను షటిల్‌కు తగిలిస్తారు. వెనకనుంచి హోల్డ్‌బ్యాక్ బార్ పట్టి ఉంచుతుంది.
3. విమానం వెనక జెట్ బ్లాస్ట్ డిఫ్లెక్టర్ అనే భారీ పలక లేస్తుంది. ఇంజిన్ వేడి గాలి వెనకున్న సిబ్బందిని కాల్చకుండా పైకి మళ్లిస్తుంది. ఈ పలకను లేపేది హైడ్రాలిక్ సిలిండర్లే.
4. హైడ్రాలిక్ టెన్షనర్ షటిల్‌ను కొంచెం ముందుకు నెట్టి లూజు లేకుండా బిగిస్తుంది.
5. ఇంజిన్ ఫుల్ పవర్‌లోకి వెళ్లాక ఆవిరి వాల్వ్‌లు తెరుస్తారు. హోల్డ్‌బ్యాక్ వదులుతుంది. రెండు, మూడు సెకన్లలో విమానం గంటకు 260 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది.

అంత వేగంతో వచ్చిన పిస్టన్లు ఎలా ఆగుతాయి? చివర్లో నీళ్లు నిండిన సిలిండర్లు ఉంటాయి. పిస్టన్ ముందున్న మొన నీళ్లలోకి దూసుకెళ్లి మూడు మీటర్లలోపే ఆగిపోతుంది. తర్వాత షటిల్‌ను మళ్లీ మొదటికి లాక్కొచ్చేది హైడ్రాలిక్ ఇంజినే. అంటే నూనె పోయి ఆవిరి వచ్చినా, చుట్టూ ఉన్న పనులు చాలావరకు హైడ్రాలిక్స్ చేతుల్లోనే ఉన్నాయి. హ్యాంగర్ నుంచి విమానాలను డెక్ మీదికి తెచ్చే లిఫ్టులూ అంతే.

మూడు సెకన్లలో ఆపేది ఎలా?

విమానం తోక కింద ఉక్కు కొక్కెం ఉంటుంది. అది డెక్ మీది వైర్‌ను అందుకుంటుంది. వైర్ రెండు చివరలూ డెక్ కిందికి వెళ్లే పొడవైన కేబుల్‌కు కలిసి ఉంటాయి. ఆ కేబుల్ కప్పీల మీదుగా అరెస్టింగ్ ఇంజిన్‌ను చుట్టుకుంటుంది.

కేబుల్ లాగబడగానే కప్పీలు ఉన్న క్రాస్‌హెడ్ కదిలి, సిలిండర్‌లోకి ర్యామ్‌ను నెడుతుంది. సిలిండర్‌లోని ద్రవం ఒక వాల్వ్ గుండా బయటకు పోవాలి. ర్యామ్ ముందుకెళ్లే కొద్దీ ఆ వాల్వ్ దారి సన్నబడుతుంది. సూది పెట్టని సిరంజిని తోయడానికీ, సన్న సూది పెట్టి తోయడానికీ ఉన్న తేడా ఇదే. ఆ ప్రతిఘటనే విమానానికి బ్రేకు. బయటకు వెళ్లిన ద్రవం అక్యుములేటర్‌లోని గాలిని అదుముతుంది. విమానం ఆగి కొక్కెం వదిలాక, అదే గాలి ద్రవాన్ని వెనక్కి తోసి వైర్‌ను మళ్లీ సిద్ధం చేస్తుంది.

అమెరికా నౌకల్లోని మార్క్-7 మాడ్-3 రకంలో కేబుల్ 18 అడుగులు బయటకు వస్తే ర్యామ్ కదిలేది ఒక్క అడుగే. 50,000 పౌండ్ల బరువున్న విమానం 130 నాట్ల వేగంతో వైర్‌ను పట్టుకుంటే 344 అడుగుల్లో ఆపగలదు. ఆ మూడు సెకన్లలో ఇది మింగే శక్తిని కరెంట్ లెక్కల్లో చెబితే సుమారు 14 యూనిట్లు. ఒక మధ్యతరగతి ఇల్లు రెండు, మూడు రోజులు వాడుకునేంత!

ఇక్కడే అసలు మెలిక ఉంది. ప్రతి విమానానికీ బరువు వేరు. అందుకే ఒక్కో ల్యాండింగ్‌కు ముందు డెక్ కింద ఉన్న సిబ్బంది ఆ విమానం బరువుకు తగ్గట్టు వాల్వ్‌ను సెట్ చేయాలి. ఎక్కువ పెడితే విమానం కొక్కెం విరగొచ్చు. తక్కువ పెడితే డెక్ చివర దాటిపోవచ్చు. ఇంకో జాగ్రత్త పైలట్‌ది. చక్రాలు డెక్‌ను తాకగానే ఇంజిన్ తగ్గించకుండా ఫుల్ పవర్ ఇస్తారు. కొక్కెం వైర్‌ను అందుకోకపోతే మళ్లీ గాల్లోకి లేవాలి కదా!

ఒక్క స్టెప్ మిస్ అయితే..

2016 మార్చి 18న అమెరికా తీరంలో యూఎస్ఎస్ ఐజెన్‌హోవర్ మీద ఈ-2సీ హాక్‌ఐ విమానం దిగింది. నాలుగో వైర్ పట్టుకుంది.. కానీ ఆపకుండానే తెగిపోయింది. విమానం డెక్ చివర దాటి కిందికి జారింది. నీళ్లను తాకేలోపు పైలట్లు దాన్ని మళ్లీ పైకి లేపగలిగారు. నార్‌ఫోక్‌లోని నేవీ ఎయిర్‌ఫీల్డ్‌లో సురక్షితంగా దిగారు. కానీ తెగిన వైర్ కొరడాలా వెనక్కి కొట్టడంతో డెక్ మీద ఉన్న 8 మంది గాయపడ్డారు.

నేవీ దర్యాప్తులో తేలింది ఏంటంటే.. అంతకు ముందు ఆ అరెస్టింగ్ ఇంజిన్‌లో సమస్య వస్తే మెయింటెనెన్స్ సిబ్బంది సరిచేశారు. ఆ క్రమంలో ఓ కీలకమైన స్టెప్ మిస్ అయింది. వాల్వ్ సెట్టింగ్ తప్పింది. విమానాన్ని నెమ్మదిగా ఆపాల్సిన ద్రవం ఆ పని చేయలేదు, భారమంతా వైర్ మీద పడింది. ఆ స్టెప్ ఎంత ముఖ్యమో చెప్పే హెచ్చరికలు మాన్యువల్‌లో సరిగా లేవని కూడా దర్యాప్తు గుర్తించింది.

అదే ఏడాది డిసెంబర్‌లో రష్యా నౌక అడ్మిరల్ కుజ్నెత్సోవ్ మీద దిగుతున్న ఎస్‌యూ-33 విషయంలోనూ వైర్ తెగింది. విమానం సముద్రంలో పడింది, పైలట్ ఎజెక్ట్ అయి బతికారు.

అందుకే డెక్ మీద అడ్డంగా ఉండే వైర్‌కు ఆయుష్షు లెక్క ఉంటుంది. అమెరికా నేవీలో ఒక్కో వైర్‌ను 125 ల్యాండింగ్‌లకు మించి వాడరు. చూడ్డానికి బాగానే ఉన్నా మార్చేయాల్సిందే.

మన విక్రాంత్ సంగతేంటి?

2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో నేవీలో చేరిన ఐఎన్ఎస్ విక్రాంత్ పొడవు 262 మీటర్లు. దీనికి కాటపల్ట్ లేదు. ముందు భాగంలో 14 డిగ్రీల వంపుతో స్కీ జంప్ ఉంటుంది. ఇంజిన్లు ఫుల్ పవర్‌కు వచ్చేదాకా రెస్ట్రెయినింగ్ గేర్ విమానాన్ని పట్టి ఉంచుతుంది. వదలగానే విమానం సొంత బలంతో పరిగెత్తి వంపు మీదినుంచి లేస్తుంది. దిగేటప్పుడు మాత్రం మూడు అరెస్టర్ వైర్లు ఆపుతాయి. ఐఎన్ఎస్ విక్రమాదిత్యదీ ఇదే పద్ధతి.

ఈ పద్ధతిని నేల మీదే ప్రాక్టీస్ చేయడానికి గోవాలోని ఐఎన్ఎస్ హన్సాలో స్కీ జంప్, అరెస్టర్ వైర్లతో టెస్ట్ ఫెసిలిటీ కట్టారు. తేజస్ నేవీ వెర్షన్ 2019 సెప్టెంబర్ 13న అక్కడ వైర్ పట్టుకుని దిగింది. 2020 జనవరి 11న విక్రమాదిత్య మీద, 2023 ఫిబ్రవరి 6న కొత్త విక్రాంత్ మీద దిగింది. ఫ్రాన్స్ నుంచి 26 రఫేల్ మెరైన్ విమానాల కోసం 2025 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది.

1961లో నేవీలో చేరిన పాత విక్రాంత్‌కు మాత్రం ఆవిరి కాటపల్ట్ ఉండేది. 1971 యుద్ధంలో బంగాళాఖాతం నుంచి సీ హాక్, అలీజే విమానాలను అదే విసిరింది. ఆ నౌకను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబర్ 3-4 అర్ధరాత్రి విశాఖ తీరంలోనే మునిగిపోయింది. ఆ సమయానికి విక్రాంత్ విశాఖలో లేదు, అండమాన్ వైపు వెళ్లిపోయింది.

హైడ్రాలిక్స్‌కు కాలం చెల్లుతోందా?

కొంతవరకు. అమెరికా కొత్త నౌక యూఎస్ఎస్ జెరాల్డ్ ఆర్. ఫోర్డ్‌లో ఆవిరి బదులు విద్యుదయస్కాంత కాటపల్ట్ పెట్టారు. విమానాన్ని ఆపే వ్యవస్థలోనూ పాత ర్యామ్ స్థానంలో నీటి టర్బైన్లు, ఎలక్ట్రిక్ మోటార్లు వచ్చాయి. చైనా నౌక ఫుజియాన్‌లోనూ విద్యుదయస్కాంత కాటపల్ట్‌లే ఉన్నాయి.

విమానాల్లో కూడా ఇదే ధోరణి. బోయింగ్ 787లో క్యాబిన్ గాలి కోసం బ్లీడ్ ఎయిర్ తీయరు, ఎలక్ట్రిక్ కంప్రెసర్లు ఆ పని చేస్తాయి. బ్రేకులు కూడా ఎలక్ట్రికే. ఎయిర్‌బస్ ఏ380లో, ఎఫ్-35 యుద్ధ విమానంలో కంట్రోల్స్ దగ్గరే సొంత మోటార్, పంపు, కొద్దిపాటి ద్రవం ఉన్న యాక్చుయేటర్లు వాడారు. ఇంజిన్ దగ్గరనుంచి తోక దాకా పొడవాటి పైపు అక్కర్లేదు, వైరు చాలు. జపాన్, సూ సిటీ ప్రమాదాల్లో తెగింది ఆ పైపులే కదా!

అయినా చివర్లో బలంగా నెట్టాల్సిన చోట పిస్టన్, ద్రవం ఇంకా అలాగే ఉన్నాయి. చిన్న సైజులో అంత బలం ఇవ్వడంలో దానికి పోటీ తక్కువ.

తరచూ అడిగే ప్రశ్నలు

*టేకాఫ్ అవగానే కాళ్ల కింద దబ్ మని శబ్దం వస్తుంది. భయపడాలా?*
అక్కర్లేదు. చక్రాలు లోపలికి ముడుచుకుని, తలుపులు మూసుకున్న శబ్దం అది.

*హైడ్రాలిక్ లోపం వచ్చిందని విమానం వెనక్కి తిప్పితే ప్రమాదమేనా?*
ఒక వ్యవస్థలో ఒత్తిడి తగ్గినా మిగతా వాటితో విమానం నడుస్తుంది. ఇంకోటి కూడా పోయే అవకాశం ఇవ్వకుండా ముందుజాగ్రత్తగా దించేస్తారు. బ్రేకులు, స్టీరింగ్ మీద ప్రభావం ఉండొచ్చు కాబట్టి రన్‌వే పక్కన ఫైరింజన్లను రెడీగా ఉంచుతారు.

*విమానం టైర్లలో మామూలు గాలి ఎందుకు నింపరు?*
బ్రేకుల వేడికి టైరు లోపల మంట అంటుకునే ప్రమాదం ఉంది. నైట్రోజన్ మంటకు సహకరించదు. తేమ కూడా ఉండదు కాబట్టి ఎత్తులో గడ్డకట్టే సమస్య రాదు.

*నౌక మీద వైర్లు అన్ని ఎందుకు?*
కదిలే డెక్ మీద కొక్కెం ఎక్కడ తాకుతుందో కచ్చితంగా చెప్పలేం. ఒకటి తప్పినా తర్వాతది దొరుకుతుంది. అన్నీ తప్పితే మళ్లీ గాల్లోకి లేచి, ఇంకో రౌండ్ తిరిగి రావడమే.